వెనకబడ్డ దెబ్బ

మొదటి దెబ్బకే ఆమెకి తేడా తెలిసిపోయింది.

కంట్రోలర్ మీద బొటనవేలు నొక్కింది. టీవీలో, ఆటలోని కర్రల పిల్ల చెయ్యెత్తింది, కర్ర దించింది, ఎదురుగా ఉన్న ఇనప కాపలావాడి నెత్తి టంగుమంది. అన్నీ జరిగాయి. కాకపోతే జరగాల్సిన దానికన్నా ఒక్క రవ్వ వెనకగా జరిగాయి. మెట్లు దిగుతున్నప్పుడు ఆఖరి మెట్టు మనం అనుకున్నదానికన్నా కాస్త కిందుంటే కాలు ఎలా తూలుతుందో, ఆమె చెయ్యి అలా తూలింది.

"మళ్ళీ మొదట్నుంచి పెట్టు," అంది.

సోఫా వెనక నిలబడ్డ తమ్ముడు వంగి మళ్ళీ పెట్టాడు. ఈసారి ఆమె వీపు నిటారుగా పెట్టి, కుడి మడమతో నేలమీద లెక్క వేసుకుంటూ ఆడింది. డ్రమ్స్ ముందు కూర్చున్నా అలాగే కూర్చుంటుంది. నాలుగు దెబ్బలు కొట్టింది. నాలుగూ తప్పాయి. కాపలావాడు చీమ కుట్టినట్టయినా లేకుండా లేచి కర్రల పిల్లని గోడకేసి కొట్టాడు.

ఆ ఆటలో ఉన్నదంతా తాళమే. పాట నడుస్తుంటుంది, శత్రువులు పాట దరువుకే అడుగులేస్తారు, దరువు పడే క్షణానికే మన కర్ర కూడా పడాలి. పడితే ఇనుమైనా పిండైపోతుంది. ముందు పడినా వెనక పడినా శ్రమ దండగ. ఆ పాటల్లో డ్రమ్స్ అన్నీ ఆమె వాయించినవే. వెనక సామాన్ల గదిలో గోడలకి పరుపులు ఆనించి, ఫ్యాన్ చప్పుడు రికార్డవుతుందని ఫ్యానూ ఆపేసి, చెమటలు కక్కుతూ వాయించింది. తమ్ముడు పక్కన కూర్చుని ఆమె కొట్టిన ప్రతి దెబ్బకీ కంప్యూటర్లో ఒక గీత పెట్టుకున్నాడు. ఆ గీతల మీదే ఆట కట్టాడు. తోటి వాద్యగాళ్ళు ఆమెని గడియారం అంటారు. ఎదురుగా కాదులెండి, ఎదురుగా మేడమ్ అంటారు.

కంప్యూటర్ మీద ఆ ఆట నిప్పు కణికలా ఉండేది. ఆడినవాళ్ళు లేచి కుర్చీ చుట్టూ రెండు గంతులేసి మళ్ళీ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు అదే ఆటని టీవీకి తగిలించుకునే కన్సోల్ మీదకి మార్చారు. మార్చింది తమ్ముడు కాదు. పెట్టుబడి పెట్టిన కంపెనీ ఆ పనిని ఎక్కడో ఉన్న వేరే బృందానికి అప్పగించింది. ఇలా ఆటల్ని ఒక యంత్రం మీంచి ఇంకో యంత్రం మీదకి మార్చడమే వాళ్ళ వ్యాపారం. వాళ్ళ ముఖాలు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మర్యాద మాత్రం మెండు. ఏ ఫిర్యాదు రాసినా, మీ సూచనకి ధన్యవాదాలు అని జవాబొస్తుంది, అంతే వస్తుంది.

"వెనకబడుతోందిరా," అంది ఆమె.

"ఎక్కడ?"

"అన్ని చోట్లా. నేను నొక్కాక ఎప్పుడో పడుతోంది దెబ్బ."

తమ్ముడు కళ్ళజోడమ్మాయి వైపు చూశాడు. ఆటని ఆడి తప్పులు పట్టుకోవడమే ఆ అమ్మాయి ఉద్యోగం. కన్సోల్ ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ రోజల్లా దాని ముందే కూర్చుంటోంది.

"నాకు బాగానే ఉంది సార్," అని ఆ అమ్మాయి కంట్రోలర్ అందుకుని ఆడి చూపించింది. ఒక్కటి తప్పితే ఒట్టు. కాపలావాళ్ళు వరసపెట్టి పిండైపోయారు.

ఇంటి ముందు రెండు గదులే వాళ్ళ ఆఫీసు కాబట్టి, వంటింట్లోంచి టీ గ్లాసులతో అమ్మ వస్తూ పోతూ ఉంటుంది. ఆ పూట ఎందుకో ఆగి, గ్లాసులు టేబుల్ మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుంది. "ఏదీ, ఒకసారి నన్ను నొక్కనివ్వండి."

కళ్ళజోడమ్మాయి నవ్వుతూ ఏది నొక్కాలో చూపించింది. అమ్మ తలుపు కొట్టినట్టు నొక్కింది, దెబ్బ పడ్డాక కంట్రోలర్ని తిరగేసి వెనక్కి చూసింది.

"నేను కొట్టిన కాసేపటికి కొడుతోందేమిటే ఇది? మీ నాన్నా అంతే, పొద్దున అడిగినదానికి సాయంత్రం ఊ అనేవారు."

అందరూ నవ్వారు. నాన్న సంగతి తెలిసిన అక్కాతమ్ముళ్ళు ఇంకాస్త ఎక్కువ నవ్వారు. నవ్వు అయిపోయాక గ్లాసులు ఖాళీ అయ్యాయి, అమ్మ అన్న మాట కూడా గ్లాసులతోపాటే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కంపెనీ తరపున వచ్చే పెద్దమనిషికి తారీఖులాయన అని పేరు పెట్టింది కూడా అమ్మే. ఆయన నోట తారీఖు లేని మాట రాదు. మంచి మనిషే. చెప్పులు బయటే విప్పి, రెండూ ఒక వరసలో సర్ది, అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడిగి, టీ బాగుందని చెప్పి, ఆ తర్వాతే గొంతు కోస్తాడు.

"శుక్రవారం సాయంత్రానికి ఆటని కన్సోల్ వాళ్ళకి పంపెయ్యాలి బాబూ," అన్నాడు ఆ మధ్యాహ్నం. "మిగతా పరీక్షలన్నీ పాసైపోయాం. శుక్రవారం దాటిందా, విడుదలకి మన వంతు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఇచ్చేస్తే కంపెనీ ఈ ఆట మీద ఇంక చెయ్యి వెయ్యదు. నీ తర్వాతి ఆట సంగతి నేను ఎత్తడానికి కూడా ఉండదు."

"తాళం తప్పిన ఆటని పంపను సార్," అన్నాడు తమ్ముడు. "పాట వేరే దారి, దెబ్బ వేరే దారి అయితే అది ఆటే కాదు."

"టెస్టింగ్ అమ్మాయికి బాగానే ఉందిగా?"

"అక్కకి బాగాలేదు."

తారీఖులాయన ఆమె వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో వెటకారం లేదు. ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

"మేడమ్, మీరు ఆడింది ఒక్కసారి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పడం ఆట పట్ల కూడా న్యాయం కాదు. శుక్రవారం దాకా రోజూ కూర్చోండి. బాగా ఆడండి, చేతులు నొప్పెట్టేదాకా ఆడండి. శుక్రవారం మీరు ఏమంటే అదే. వద్దన్నారనుకోండి, మీ తరపున కంపెనీతో నేనే పోట్లాడతాను. అటు ఆట మార్చినవాళ్ళకి కూడా ఇంకోసారి సరిచెయ్యమని రాస్తాను."

ఇందులో వంక పెట్టడానికేముంది? తమ్ముడు కూడా తలూపాడు.

"అక్క సరే అంటే కళ్ళు మూసుకుని పంపేస్తా. అక్క వద్దంటే బ్రహ్మదేవుడు చెప్పినా పంపను," అన్నాడు.

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు గర్వంతో ఒకసారి వెచ్చబడింది, వెంటనే భయంతో చల్లబడింది. వాడి మూడేళ్ళ కష్టం తన చెవి మీద వేలాడుతోంది. వద్దంటే వాడి పని పోతుంది. తెలిసి తెలిసి సరే అంటే వాడి పరువు పోతుంది. ఉన్నదున్నట్టు చెప్పడమొక్కటే దారి, ఆ పని తనకి చేతనవునని ఆమెకి ఎప్పుడూ అనుమానం లేదు.

సంగీతం బడిలో పిల్లలకి చెప్పే పాఠాలు ఆ వారానికి మానేసింది. పొద్దున్నే స్నానం చేసి, జుట్టు గట్టిగా ముడేసుకుని, ఉద్యోగానికి వచ్చినట్టు సోఫాలో కూర్చునేది. మొదటి రోజంతా తప్పు ఎక్కడుందో వెతకడంతోనే సరిపోయింది. తీగ మార్చి చూసింది. స్పీకర్లు మార్చి చూసింది. టీవీది తప్పేమోనని కళ్ళజోడమ్మాయి తన ఇంట్లో టీవీని తెచ్చి పెట్టింది, దాని మీదా అంతే. కంప్యూటర్ ఆటలో ఇలాంటి ఆలస్యాన్ని సర్దుకోడానికి ఒక సెట్టింగు ఉండేది. కన్సోల్లో అది ముట్టుకుంటే ఆట ఆగిపోతోందని అవతలి బృందం ఆ సెట్టింగునే తీసేసింది. తలనొప్పి అంటే తల తీసేసే రకం వైద్యం.

రెండో రోజు బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టింది. దెబ్బ తప్పిన ప్రతిసారీ ఆమె దవడ బిగుసుకునేది. అది తన సొంత దరువు. స్నేర్ డ్రమ్ మీద ఎక్కడ మణికట్టు వదిలిందో, ఎక్కడ సింబల్ రేకుని అరచేత్తో పట్టి ఆపిందో అన్నీ గుర్తున్నాయి. తను వాయించిన పాటకి తనే తాళం తప్పుతోందని తెర మీద ఎర్ర అక్షరాలు చెప్తుంటే ఎవరికైనా మండుతుంది. సాయంత్రం కంట్రోలర్ సోఫాలో పడేసి, "ఇది చచ్చిన ఆటరా," అంది తమ్ముడితో. వాడు గోడకి ఆనుకుని నిలబడి, చొక్కా చేతి గుండీ పెడుతూ తీస్తూ ఉన్నాడు. చిన్నప్పుడు పరీక్షల ముందు కూడా వాడికి అదే అలవాటు.

ఆ మర్నాడు అవతలి బృందం దగ్గర్నుంచి ఆట కొత్తగా వచ్చింది. శబ్దానికి సంబంధించిన మెరుగులు దిద్దాం అని ఒక ముక్క రాశారు. ఆమె కూర్చుంది. మొదటి కాపలావాడు పగిలాడు. రెండోవాడు పగల్లేదు, మూడోవాడు పగిలాడు. ఆమె ముందుకి జరిగి కూర్చుంది. మధ్యాహ్నానికి సగానికి సగం పగులుతున్నారు. భోజనానికి పిలిస్తే లేవలేదు.

"వాళ్ళు సరిచేశారురా," అంది. "పూర్తిగా కాదు. కానీ చాలా చేశారు."

తమ్ముడు కళ్ళజోడమ్మాయిని అడిగాడు. "నాకు మొదట్నుంచీ బాగానే ఉంది కదా సార్," అంది ఆ అమ్మాయి.

గురువారం నాటికి ఆమె ఆడుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. దరువు, వేలు, కర్ర మూడూ ఒకటే. కాపలావాళ్ళు గుంపులుగా వచ్చి గుంపులుగా పిండైపోతున్నారు. సామాన్ల గదిలో పరుపుల మధ్య చెమట కక్కుతూ వాయించిన ఆఖరి పాట, ఎవరూ ఆడలేరేమో అని తమ్ముడు దిగులుపడ్డ పాట, అది కూడా ఒక్క తప్పు లేకుండా ముగించింది. తెర బంగారు రంగులోకి మారింది. ఆమె రెండు చేతులూ పైకెత్తి చిన్నపిల్లలా నవ్వింది. తమ్ముడు వెనక నుంచి వచ్చి ఆమె నెత్తి మీద గడ్డం ఆనించి ఒక క్షణం నిలబడ్డాడు. పెద్దయ్యాక వాడు అలా చెయ్యడం అదే మొదలు.

శుక్రవారం తారీఖులాయన చెప్పులు విప్పి, వరసగా సర్ది లోపలికి వచ్చాడు. ఆమె ఆఖరిసారి ఆడింది. గదిలో అందరూ నిలబడే ఉన్నారు.

"సరిగ్గా ఉంది," అంది. "పంపించు."

"నిజంగానా అక్కా? నా కోసం అనకు."

"తాళం విషయంలో నేను ఎవరి కోసమూ అనను."

అది నిజం. ఆ క్షణంలో ఆమె నూటికి నూరుపాళ్ళు నిజమే చెప్పింది.

టీ పట్టుకొచ్చిన అమ్మ ఆ సంబరం చూసి, "అయితే బాగుపడిందా? ఏదీ," అని మళ్ళీ కంట్రోలర్ పుచ్చుకుంది. నొక్కింది. చూసింది. మళ్ళీ నొక్కింది. "నాకు ఇంకా అలాగే ఉందేమిటే. నొక్కాక పడుతోంది."

"అమ్మా, నీకు టీవీ రిమోటే సరిగ్గా రాదు," అంది ఆమె నవ్వుతూ, కంట్రోలర్ తీసేసుకుంటూ. అమ్మ కూడా నవ్వింది. "నాకేం తెలుసులే తల్లీ," అని గ్లాసులు అందించింది. తమ్ముడు కంప్యూటర్ ముందు కూర్చుని ఆటని పంపించాడు. తారీఖులాయన ఆమెకి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టాడు.

ఆ తర్వాత కూడా ఆమె ఆడటం మానలేదు. ఎవరూ ఆడమనలేదు, ఇష్టంగా ఆడింది. పాఠం అయిపోయి ఇంటికి రాగానే కళ్ళజోడమ్మాయితో పందెం వేసుకుని ఆడేది. తన సంగీతం, తమ్ముడి బుర్ర, రెండూ కలిసి ఆ తెర మీద పరుగెత్తుతుంటే కడుపు నిండినట్టుండేది.

ఆట మార్కెట్లోకి వచ్చిన రోజునే ఆమెకి స్టూడియోలో రికార్డింగ్ ఉంది. పెద్ద పాటేం కాదు, నెమ్మదైన పాట, నిద్రలో వాయించినా తప్పు పోనిది. బేస్ గిటార్ బాబాయ్ అప్పటికే వచ్చి తీగలు బిగించుకుంటున్నాడు. సొంత బాబాయ్ కాదు. ఆమె మొదటిసారి స్టూడియోకి వచ్చినప్పుడు కూర్చునే స్టూలు ఎత్తు సరిచేసి పెట్టాడు, అప్పట్నుంచీ బాబాయే.

"మీ తమ్ముడి ఆట ఈ రోజేగా?" అన్నాడు. "మా ఆవిడకి చెప్పా, పార్టీ ఉందని రాత్రికి వంట వద్దని."

"నువ్వు వచ్చి ఆడితేనే పార్టీ," అంది ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ.

చెవుల్లో టిక్కుటిక్కుమని లెక్క మొదలైంది. ఆమె ఎత్తుకుంది. నాలుగు వరసలు కూడా గడవలేదు, బాబాయ్ చేతులు తీగల మీద తడబడ్డాయి. గాజు అవతల రికార్డిస్టు ఆపాడు.

"ఇంకోసారి," అన్నాడు బాబాయ్. "నేనే సరిగ్గా అందుకోలేదు."

ఇంకోసారి వాయించారు. మళ్ళీ అక్కడే బాబాయ్ ఆగాడు. మూడోసారి అసలు వాయించకుండా, గిటార్ ఒళ్ళో పెట్టుకుని, ఆమె చేతులవైపు చూస్తూ కూర్చున్నాడు. పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి మెళ్ళో వేసుకున్నాడు.

"అమ్మాయ్, పరుగెడుతున్నావేమిటే ఇవాళ?"

"నేనా?"

"ఏమో మరి. నీతో వాయించిన ఇన్నేళ్ళలో ఈ మాట అనాల్సి వస్తుందనుకోలేదు. నేను కాలు మోపేలోపే నువ్వు మోపేసి ఉంటున్నావు."

ఆమెకి నవ్వొచ్చింది, రికార్డిస్టు నవ్వుతాడని అటు చూసింది. అతను నవ్వలేదు. తల వంచుకుని తెర మీద ఏదో చూసుకుంటున్నాడు. నవ్వకపోవడం చూసి ఆమె కర్రలు దించింది.

"పర్లేదు మేడమ్, నేను సర్దేస్తా," అన్నాడు మైకులో. "తమాషా ఏంటంటే మీ దెబ్బలన్నీ ఒకే కొలతలో ముందున్నాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని లేదు. ఎవరైనా తొందరపడితే ఇలా ఉండదు. మొత్తం పట్టుకుని ఒక్క రవ్వ వెనక్కి జరిపానంటే అతికినట్టు సరిపోతుంది."

ఆమె లేచి గాజు తలుపు తోసుకుని అవతలి గదిలోకి వెళ్ళింది. అతని భుజం మీంచి చూసింది. లెక్క పడే చోట నిలువు గీతలున్నాయి. ప్రతి గీతకీ ముందు, అంతే ఎడంగా, ఆమె దెబ్బ ఉంది. గీతకీ దెబ్బకీ మధ్య సన్నటి ఖాళీ. ఆ ఖాళీ ఎంతో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి రోజు సోఫాలో కూర్చుని తను తూలిన మెట్టు లోతు సరిగ్గా అంతే.

రికార్డిస్టు దెబ్బలన్నిటినీ పట్టుకుని వెనక్కి జరిపాడు. పాట మోగించాడు. అతికినట్టు సరిపోయింది.

ఆట బాగుపడలేదు. వాళ్ళు ఏదీ సరిచెయ్యలేదు. దెబ్బ వెనకగా పడుతుంటే, దాన్ని అందుకోడానికి ఆమె చెయ్యే ఆమెకి చెప్పకుండా ముందుకి జరిగింది. కళ్ళజోడమ్మాయి చెయ్యి అంతకుముందే జరిగిపోయింది. గడియారం పాడవలేదు, ఎవరో దాని ముళ్ళు ముందుకి తిప్పారు, అంతే. కానీ ముళ్ళు తిప్పిన గడియారాన్ని చూసే తమ్ముడు తన బతుకుని రైలెక్కించాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు బాబాయ్ గుమ్మంలోంచి. ఆమె చెప్పింది. ఆయన చాలాసేపు విన్నాడు. "పోనీలే, చెయ్యి నాలుగు రోజుల్లో దారికొస్తుంది," అన్నాడు. రావచ్చు. చెయ్యి సంగతి కాదు ఆమె బాధ. తను చెప్పినది తప్పని ఆ శుక్రవారం తనకి రవ్వంతైనా తెలియలేదు. ఇకమీదట తెలుస్తుందని నమ్మకమేమిటి?

ఇంటికొచ్చేసరికి ముందు గదిలో టీవీ ఆపేసి ఉంది. కళ్ళజోడమ్మాయి సంచి సర్దుకుంటోంది, ముక్కు ఎర్రగా ఉంది. తమ్ముడు కంప్యూటర్లో ఆట కొన్నవాళ్ళు రాసినవి చదువుతున్నాడు. చదివి, కిందికి జరిపి, మళ్ళీ చదువుతున్నాడు. ఆమె వెనక నిలబడి చూసింది. తాళం రానివాళ్ళు తాళం ఆట చేశారని ఒకరు. కంప్యూటర్ మీద ప్రాణం పెట్టి ఆడిన ఆటని పీనుగని చేసి అమ్మారని ఒకరు. డ్రమ్స్ వాయించినవాళ్ళకి చెవులు లేవా అని ఒకరు.

ఆమె స్టూడియోలో జరిగింది చెప్పింది. ఏదీ దాచుకోలేదు. వాడు కుర్చీ తిప్పకుండానే విన్నాడు.

"అమ్మ చెప్పింది," అన్నాడు చివరికి. "రెండుసార్లు చెప్పింది."

తిట్టినా బాగుండేది. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది గానీ, తను ఏడిస్తే వాడు ఓదార్చాల్సి వస్తుందని మింగేసింది.

వారం తర్వాత తారీఖులాయన వచ్చాడు. చెప్పులు విప్పి సర్దాడు. మోకాళ్ళ నొప్పి సంగతి అడిగాడు. అమ్మ జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది, టీ కూడా పెట్టలేదు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగింది ఆమె.

ఆయన సోఫా అంచున కూర్చున్నాడు. "తెలుసని కాదు మేడమ్. ఈ పనిలో ఉన్నవాళ్ళకి అనుభవం. ఎంత వెనకబడే ఆటైనా నాలుగు రోజులు వదలకుండా ఆడితే చెయ్యి దానికి తగ్గట్టు అలవాటు పడుతుంది. మీలాంటి వాద్యగాళ్ళకైతే ఇంకా త్వరగా పడుతుంది. కొన్నవాళ్ళకీ పడుతుంది, కాస్త ఓపిక పట్టాలి, అంతే. అందుకే మిమ్మల్ని కూర్చోమన్నాను."

"అలవాటు పడటం కోసమా?"

"మీరు అబద్ధం చెప్పలేదుగా. నేను చెప్పమనలేదుగా. నాక్కావలసింది శుక్రవారానికి ఒక సరే. అది మీరు మనస్ఫూర్తిగా అన్నారు." ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "ఇప్పుడు జనం గోల చేస్తుంటే కంపెనీ కూడా అదే రాసింది. డ్రమ్స్ వాయించిన కళాకారిణి స్వయంగా ఆడి, తాళం సరిగ్గా ఉందని నిర్ధారించారు అని. మీకు మంచి పేరే మేడమ్, మిమ్మల్ని కళాకారిణి అన్నారు."

"సరిచెయ్యమని చెప్పండి వాళ్ళకి," అన్నాడు తమ్ముడు. "తప్పెక్కడుందో నేనే వెతికిపెడతాను. పైసా అక్కర్లేదు."

"ఎవరూ కొనని ఆటకి మందెవరు వేస్తారు బాబూ? కంపెనీ వేరే ఆట మీదకి వెళ్ళిపోయింది. నీ తర్వాతి ఆట గురించి నేను అడిగాను. అడిగితే నవ్వారు." ఆయన లేచాడు. తలుపు దగ్గర ఆగి, టీవీ కింద ఉన్న కన్సోల్ని చూపించాడు. "అది మీరే ఉంచుకోండి. వాళ్ళకి అక్కర్లేదట."

ఇది అన్యాయం అని ఆమె అనబోయింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన ఏం చేశాడని చెప్పాలి? ఆడమన్నాడు, ఆడింది. అడిగాడు, చెప్పింది. కత్తి ఆమె చేతిలోనే ఉంది, దెబ్బా ఆమే వేసింది. ఆయన తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకుని వెళ్ళాడు.

కళ్ళజోడమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. తమ్ముడు మాత్రం కన్సోల్ ముందు నుంచి లేవలేదు. అవతలి బృందాన్ని ఆట లోపలి కోడంతా పంపమంటే, మీ సూచనకి ధన్యవాదాలు అంటూనే ఈసారి పంపేశారు, వాళ్ళకి దానితో పని లేదు మరి. వాడు గడ్డం పెంచుకుని దాన్ని ఒక్కో వరసే విప్పుకుంటూ పోయాడు. పంపడానికి ఎవరూ లేరు. అడిగేవాళ్ళు లేరు. ఎందుకురా అని అమ్మ అడిగితే, "ఒక్కసారైనా ఇది సరిగ్గా మోగాలమ్మా," అన్నాడు.

ఆమె సామాన్ల గదిలో రబ్బరు ప్యాడ్ ముందు పెట్టుకుని కర్రలతో సాధన చేసేది. పక్కన తాళం లెక్క వేసే మెట్రోనోమ్ టిక్కుటిక్కుమనేది. దెబ్బ పడగానే అనుమానం వచ్చేది, ఇది కలిసిందా, ముందా? కలిసిందనిపిస్తే ఇంకా భయం వేసేది. కలిసిందనిపించినప్పుడే కదా తను మోసపోయింది. ఇన్నేళ్ళలో ఊపిరి పీల్చుకున్నట్టు చేసిన పనికి ఇప్పుడు ప్రతి దెబ్బకీ ఎవరినో సాక్ష్యం అడగాల్సి వస్తోంది. బాబాయ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. సంగీతం బడికి వెళ్తే పిల్లలకి తాళం చేత్తో వేసి చూపించకుండా, మెట్రోనోమ్ పెట్టి, దాన్ని వినండి అని చెప్పి వచ్చేస్తోంది.

ఒక సాయంత్రం ముందు గదిలో పాట మొదలై ఆగింది. మళ్ళీ మొదలై ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు. తమ్ముడి అడుగులు ఇటే వస్తున్నాయి. ఆమె కర్రలు పక్కన పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుంది. అలాంటప్పుడు వాడు ఎప్పుడూ గుమ్మంలోకి వచ్చి, అక్కా ఒకసారి విను అంటాడు.

వాడు గుమ్మం ముందు నుంచే వెళ్ళాడు. ఆమెని చూశాడు, చూసి కళ్ళు దించుకున్నాడు. వంటింటి దగ్గర ఆగాడు.

"అమ్మా, ఒకసారి ఇటు రా."

అమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వాడి వెంట వెళ్ళింది. గోడ అవతల నుంచి ఆమెకి అన్నీ వినిపించాయి. పాట మొదలైంది. అమ్మ వేలి కింద మీట చప్పుడు. టంగుమని దెబ్బ. మళ్ళీ మీట, మళ్ళీ దెబ్బ.

"ఇప్పుడు నొక్కగానే పడుతోందిరా," అంది అమ్మ.

ఆమె లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. అమ్మ ఆమెని చూసి, సోఫాలో జరిగి చోటిచ్చి, కంట్రోలర్ చేతిలో పెట్టింది. "చూడవే, బాగుచేశాడు మీ తమ్ముడు."

"ఆడతావా అక్కా?" అన్నాడు వాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని టీ తాగుతారా అని అడిగినట్టు అడిగాడు.

ఆమె వీపు నిటారుగా పెట్టి, కుడి మడమ నేలకి ఆనించింది. తన పాటే. సామాన్ల గదిలో, పరుపుల మధ్య, ఫ్యాన్ ఆపేసి వాయించిన పాట. కాపలావాడు దరువుకి అడుగులేస్తూ వచ్చాడు. నొక్కింది. నొక్కీ నొక్కకముందే కర్ర పడిపోయినట్టనిపించింది. నాలుగు దెబ్బలు కొట్టింది. నాలుగూ తప్పాయి. కాపలావాడు కర్రల పిల్లని గోడకేసి కొట్టాడు.

అలవాటు పడ్డ చెయ్యి ఇంకా ఒక్క రవ్వ ముందే నొక్కేస్తోంది. ఆమె కంట్రోలర్ నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకుంది.

"సరిగ్గా ఉందిరా," అంది.

తమ్ముడు అమ్మవైపు చూశాడు. అమ్మ తలూపింది. అప్పుడు వాడు వంగి కన్సోల్ ఆపేశాడు.